చెరుకు చుట్టాలు

ఈ ఉదయం మేడ మీద కూర్చుని డైరీ తెరిచేసరికి ఖాళీ పేజీ మీద ఒక నల్లటి పొర వచ్చి వాలింది. ముట్టుకుంటే పొడైపోయేంత పలుచన. తలెత్తి చూస్తే మొగుడంపల్లి వైపు ఆకాశంలో సన్నటి పొగ. కోత అయిపోయిన మడిలో ఎవరో చెరుకు ఎండుటాకు కాలుస్తున్నారు. ఆ వాసన నాకు కొత్త కాదు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర కూర్చుని ఉద్యోగం చేసినవాణ్ణి. తీయగా మొదలై గొంతులో చేదుగా ముగిసే వాసన అది. కానీ కొన్నేళ్ళుగా అది ముక్కుకు తగలగానే నాకు గుర్తొచ్చేది ఫ్యాక్టరీ కాదు. నూలు చీర, మెడలో కళ్ళద్దాల గొలుసు, చేతిలో జొన్నరొట్టెల డబ్బాతో శివలీల మేడం గుర్తొస్తారు. ఆవిడ వెనకే, నేను ఎన్నడూ చూడని ఒక ముసలమ్మ గుర్తొస్తుంది. సముద్రాల అవతల, గయానా అనే దేశంలో, ఇలాంటి మసి రాలకముందే ఆమె తీగ మీది బట్టలన్నీ తీసి లోపల పెట్టుకునేది.

శివలీల మేడం మా జహీరాబాదులో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. బీదర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, కోపం వస్తే ఉర్దూ. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేదు. ఊరి బయట రెండు గదుల్లో ఒక చిన్న రేడియో కేంద్రం నడిపారు. చుట్టుపక్కల పల్లెలు దాటి వినిపించని రేడియో అది. పగటిపూట బడిపిల్లలకు పాఠాలు, కథలు, పాటలు ప్రసారం చేసేది. శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగి రాకుండా రికార్డింగు గది చుట్టూ పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశారు. అక్కడికి క్రమంగా వచ్చి కాగితాలు చూసుకునే మనిషి కావాలని తెలిసి, రిటైరైన నాలుగో నెలలో వెళ్ళాను. ఆ రోజు మా మాటలు డైరీలో ఉన్నాయి.

“ఏం పని వస్తది మీకు?” అని అడిగారు.

“రాయవస్తది మేడం. పదహారో ఏటి నుంచి రోజు డైరీ రాస్తున్న. ఒక్క రోజు తప్పలే.”

“ఏం రాస్తరు అండ్ల?”

“ఎండ, వాన. ఎవరొచ్చిన్రు, ఏమన్నరు.”

“మీరేమన్నరో రాయరా?”

“నేను పెద్దగ ఏం అనను మేడం.”

ఆవిడ కళ్ళద్దాలు దించి నన్ను ఒకసారి చూశారు. “మంచిగైంది. ఈడ మాట్లాడేటోళ్ళు మస్తుమంది. వినేటోడే దొరుకుతలేడు. కూసోండ్రి కాటా సాబ్.” నా పేరు విఠల్ రావు. ఆవిడ మాత్రం ఆ పేరుతో నన్ను పిలిచింది చాలా తక్కువ.

మా కేంద్రానికి మంచి పేరు తెచ్చిన కార్యక్రమం పేరు ‘చెరుకు చుట్టాలు’. వారానికొకసారి అరగంట. కరీబియన్ దేశాల కథలు, పాటలు, కవితలు, అక్కడి మనుషుల జ్ఞాపకాలు తెలుగులో. జహీరాబాదుకూ ఆ దేశాలకూ ఏం సంబంధమని మొదట్లో నేనే అడిగాను. జవాబుగా మేడం ఒక ఫోటో చూపించారు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ టీచర్ల శిక్షణకని ఒక ఏడాది ఇంగ్లండులో ఉన్నారు. అక్కడ ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు రూత్. పుట్టింది గయానాలో. ఇంటిపేరు వీరస్వామి. రూత్ పెద్దలు మద్రాసు రేవులో ఓడ ఎక్కి, ఇంగ్లీషు దొరల ఎస్టేటుల్లో చెరుకు నరకడానికి ఒప్పందం మీద పోయారు. అంతకు ముందు ఆ చెరుకు నరికింది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు. వాళ్ళకు విముక్తి వచ్చాక ఆ కత్తులు మనవాళ్ళ చేతికి వచ్చాయి. కొన్ని తరాల తర్వాత రూత్ వాళ్ళు మళ్ళీ సముద్రం మీదుగా కెనడా చేరారు. ఆమె ఇప్పుడు టొరంటోలో రిటైరైన టీచరు. శనివారాలు తమ వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు పాత కథలు చెబుతుంది.

“చెరుకు పండిచ్చే ఊరి పిల్లలకు చెరుకు ఎంత దూరం నడిచిందో తెల్వకపోతే ఎట్ల కాటా సాబ్?” అన్నారు మేడం. “మనకు చుట్టాలున్నరు. మనకే ఎరుక లేదు.”

ఆవిడ పనిలో ఒక పద్ధతి ఉండేది. అంతకుముందు నేనెక్కడా చూడలేదు. ప్రసారానికి తయారైన ప్రతి కాగితం మీద, అన్నిటికంటే పైన, ‘విన్నవారు’ అని రాసి ఒక గీత గీసేవారు. అందులో ఏ పని గురించి రాశామో ఆ పని చేసే మనిషికి ముందుగా చదివి వినిపించి, ఆ మనిషి పేరు ఆ గీత మీద రాయాలి. బట్టల గురించి అయితే దర్జీ, చేపల గురించి అయితే చెరువులో వల వేసే మనిషి. పేరు లేని కాగితం మైకు ముందుకు వెళ్ళకూడదు. పెద్ద చదువులు చదివిన మనిషికి ఈ చాదస్తమేమిటని నేను మొదట లోలోపల అనుకున్నాను. డైరీలో కూడా రాశాను.

ఆ అభిప్రాయం మారింది లక్ష్మమ్మ వల్ల. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఒకసారి గయానా, ట్రినిడాడ్ ఇళ్ళలో పండగలకు చేసే రొట్టె గురించి రాశాం. ఉడికించిన పప్పును నూరి, పిండి ముద్దలో పెట్టి, పలుచగా ఒత్తి పెనం మీద కాల్చుతారు. లక్ష్మమ్మ గరిటె పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. విని నవ్వింది. బొబ్బట్టును మా వైపు పోలె అంటారు.

“గిది పోలె కాదమ్మా! పప్పు వెట్టిన్రు, వత్తిన్రు, కాల్చిన్రు. మరి బెల్లమెటువోయింది?”

“లేదట లక్ష్మమ్మా. ఉప్పుకారం వేస్కొని తింటరట,” అన్నాను.

“అయ్యో! అంత చెర్కు కోసినోళ్ళకు బెల్లం దొర్కలేదా?”

 మేడం కాగితం నా చేతికిచ్చి, “ఆమె అడిగిందే మొదటి వాక్యం చేయుండ్రి,” అన్నారు. అలాగే చేశాం. ఆ కార్యక్రమం విని కోహీర్ బడి నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆ పిల్లలందరూ అడిగింది లక్ష్మమ్మ ప్రశ్నే. చక్కెర ఎవరు తిన్నారు?

ఇలాంటివి ఎన్నో. ట్రినిడాడులో డోళ్ళు కొట్టొద్దని దొరలు నిషేధిస్తే జనం డబ్బాలు కొట్టారు, చివరికి నూనె డ్రమ్ములను సుత్తితో సాగగొట్టి స్వరాలు పలికించే వాద్యం తయారు చేశారు. ఈ సంగతి చెప్పడానికి మేడం చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద ఉన్న ఒక మెకానిక్ దగ్గరికి నన్ను తీసుకుపోయారు. ఆయన కాగితం విని, “మేడం, సుత్తె దెబ్బకొక సప్పుడొస్తదని మాకు సుత ఎరికే. గని అది పాట అయితదని ఎన్నడనుకోలే,” అని ఒక పాత డ్రమ్ము మూత తీసి అక్కడక్కడా కొట్టి వినిపించాడు. ఆ మూత చాలాకాలం మా రికార్డింగు గదిలో గోడకు ఆనించి ఉండేది. బడిపిల్లలు వచ్చినప్పుడల్లా దాన్ని వాయించిపోయేవారు.

ఇక అసలు విషయానికి వస్తాను. రూత్ దగ్గర పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. గయానాలో ఉన్న రోజుల్లో వాళ్ళ నాయనమ్మ మాటలను ఆమె స్వయంగా రికార్డు చేసుకున్నది. నాయనమ్మను వాళ్ళు ‘ఆజీ’ అంటారు. తన ఇంట్లో ‘అజ్జి’ అనడం అలవాటున్న మేడంకు ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా ముఖం విప్పారేది. ఆ క్యాసెట్లను తెలుగు చేసి, మొదట తన విద్యార్థులకు, తర్వాత రేడియోలో వినిపించాలని మేడం ముప్ఫై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. రూత్ ఒప్పుకోలేదు. పరాయివాళ్ళ చేతికిస్తే మాటలు మారిపోతాయని ఆమె భయం. చివరికి, టేపులు అరిగిపోతున్నాయని తెలిశాక, ఒక్క క్యాసెట్‌లోని మాటలు మాత్రం ఫోనులో పంపింది. షరతు కూడా ఒకటే. ఆజీ చెప్పింది చెప్పినట్టు ఉండాలి. అలా ఉంటేనే మిగతా పదీ వస్తాయి.

మేడం ఎంతో శ్రద్ధగా దాన్ని తెలుగు చేశారు. సరిగ్గా ఆ వారమే ఆవిడ కంటి ఆపరేషన్‌కు హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. సాఫు ప్రతి రాయడం, ఎవరికైనా చదివి వినిపించడం, మైకు ముందు చదవడం, మూడూ నాకప్పగించారు. ఆ కాగితంలో ఆజీ తన భర్త గురించి ఇలా చెప్పింది:

‘మా ఇంటాయన నిప్పు పెట్టేవాడు. కోతకు ముందు గాలి ఎటు ఉందో చూసేవాడు. మడి చుట్టూ తిరిగి, లోపల మనిషి గానీ మేక గానీ ఉందేమోనని మూడుసార్లు కేకేసి, అప్పుడు అంటించేవాడు. ఎస్టేటు మొత్తంలో ఆయనలా నిప్పు పెట్టేవాడు ఇంకొకడు లేడు.’

నా కలం అక్కడ ఆగిపోయింది. మా ప్రాంతంలో చెరుకు పచ్చిగానే నరుకుతారు. నిలబడ్డ చెరుకుకు నిప్పు పడడమంటే ఆ ఇంటికి చావు వచ్చినంత పని. పగతో ఎవరో అంటించిన మడి నుంచి మిగిలిన చెరుకును బండికెత్తి కాటా దగ్గరికి తెచ్చిన రైతును నేను కళ్ళారా చూశాను. బండి కిందనే నేల మీద కూలబడి, “నోట్లె మన్ను గొట్టిన్రు సాబ్,” అని తల పట్టుకున్నాడు. నా అనుభవంలో చెరుకుకు నిప్పు పెట్టేవాడంటే దుర్మార్గుడే. ఒక ముసలమ్మ తన భర్త నిప్పు పెట్టేవాడని గొప్పగా చెప్పడమేమిటి? మేడం కళ్ళు బాగా లేవు, ఎక్కడో పొరపాటు జరిగిందని నిశ్చయించుకున్నాను. వేలమంది పిల్లలు వింటారు, ఆ పెద్దమనిషి పరువు నా చేతిలో ఉందని కూడా అనుకున్నాను. ‘పెట్టేవాడు’ ఉన్న చోట ‘ఆర్పేవాడు’ అని రాశాను. గిట్టనివాళ్ళు ఎవరో అంటిస్తే ఆయన మూడుసార్లు కేకేసి జనాన్ని పోగుచేసి ఆర్పినట్టుగా వాక్యాలు సర్దాను. పైన ‘విన్నవారు’ గీత మీద ఎవరి పేరు రాయాలా అని క్షణమైనా ఆలోచించలేదు. చెరుకు గురించి నాకంటే తెలిసినవాడెవడు? విఠల్ రావు అని రాసి, చక్కగా చదివి, తృప్తిగా ఇంటికి వెళ్ళాను.

పది రోజుల తర్వాత కేంద్రంలో అడుగు పెట్టేసరికి మేడం నల్ల కళ్ళద్దాలతో కూర్చుని ఉన్నారు. రికార్డింగు పనులన్నీ చూసుకునే పర్వీన్ తల వంచుకుని ఉంది. ప్రతి కార్యక్రమాన్నీ ఆ అమ్మాయే రూత్‌కు ఫోనులో పంపేది. టొరంటోలో రూత్ ఉండే ఇంటి కింది అంతస్తులో ఒక తెలుగు నర్సు ఉంటుందట. ఆమెను పిలిచి వాక్యం వాక్యం అర్థం చెప్పించుకున్నది. విన్నాక ఒక సందేశం మాట్లాడి పంపింది. మేడం దాన్ని వినిపించి, తన గొంతుతో తెలుగులో చెప్పారు.

“శివా, మా ఆజీ ఆయన గురించి గొప్పగా చెప్పుకున్నది ఒక్కటే. దాన్నే తీసేశారు. ఓడ ఎక్కేటప్పుడు రేవులో గుమాస్తాలు మా పేర్లు వాళ్ళకు తోచినట్టు రాసుకున్నారు. ఇప్పుడు మీ దగ్గర ఎవరో మా తాత పనిని వాళ్ళకు తోచినట్టు రాశారు. మిగతావి పంపను. నన్ను అడగవద్దు.”

గుమాస్తా అన్న మాట నేరుగా వచ్చి నాకు తగిలింది. నా ఉద్యోగం కూడా అదే.

మేడం అరవలేదు. “డైరీ తెచ్చిన్రా?” అన్నారు. అది ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. “ఆ రోజుది చదువుండ్రి.”

చదివాను. “‘ఎండ ఎక్కువ. స్క్రిప్టులో ఒక లోపం కనిపించగా సరిచేశాను. మేడంకు చెప్పవలసినంత విషయం కాదు.’”

“ఆఖరుది మళ్ళొకసారి చదువుండ్రి.”

మళ్ళీ చదివాను.   తల ఎత్తకుండానే, “రేపటి సంది నేను రాను మేడం,” అన్నాను.

“ఏమో అనుకున్న, మీకు గూడ సులువు పనే కావాల్నా?” అన్నారు ఆవిడ. “తప్పు చేసి ఇంటికి పోవుడు ఎవరైనా పోతరు. ఇండ్ల సగం నాది. కాటా మీద కూసున్నాయనకు చెరుకు మొత్తం ఎరుకనుకున్న. మీరు చెరుకు తూచిన్రు కాటా సాబ్. ఎన్నడన్న కోసిన్రా?”

లేదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క గడ కూడా నా చేత్తో నరకలేదు.

సిగ్గుతో నేను ఆ పేజీ చింపబోతే చెయ్యి పట్టి ఆపారు. “చింపొద్దు. కొట్టేయొద్దు. అది గట్లనే ఉండని. కింద జాగ ఇడిసిపెట్టుండ్రి.”

మర్నాడు పొద్దున్నే మొగుడంపల్లి దగ్గరి పొలాలకు బయలుదేరాం. కోత కాలం కావడంతో నాందేడ్ వైపు నుంచి వచ్చిన కూలీలు అక్కడ చెరుకాకు గుడిసెలు వేసుకుని ఉన్నారు. వాళ్ళ పెద్ద కేశాబాయి. అరవై దాటిన మనిషి. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడుతుంది. మేడం మట్టిలో కూర్చుని, నేను కాటా మీద పనిచేసినవాణ్ణని చెప్పి, ఆజీ మాటలను మార్చకుండా, మొదట తాను రాసినట్టే చదివారు. నిప్పు పెట్టేవాడు అన్న చోట నేను కేశాబాయి ముఖం చూశాను. ఆమె ఏమాత్రం ఉలిక్కిపడలేదు.

“అగ బాయి! కోతకు ముందే కాలుస్తరా? పనోళ్ళకు మేలే కద,” అంది. “ఆకు పోతది. పాములు పోతయి. ఒట్టి గడలు నిలవడతయి.”

“మేలేంది కేశాబాయీ? చెరుకు ఖరాబు కాదా?” అని నేనడిగాను.

“చెరుకు సంగతి నువ్వడుగుతున్నవ్. చేతుల సంగతి నేను చెప్తున్న,” అని చీర మీద వేసుకున్న మగవాళ్ళ చొక్కా చేతులు పైకి మడిచింది. మోచేతి నుంచి మణికట్టు దాకా గీతలు. కొన్ని పాతవి, తెల్లబడ్డవి. కొన్ని నిన్నటివి. చెరుకాకు అంచు రంపంలా ఉంటుందని పుస్తకంలో చదివిన విషయమే. “మీరు కాటా మీద చెరుకు చూసిన్రు సాబ్. అది అప్పటికే మా చేతులు దాటి వచ్చింది. కాలవెడితే మసి అయితది, దగ్గొస్తది, అది గూడ నిజమే. గని చెయ్యి తెగదు.” తర్వాత మేడం వైపు తిరిగింది. “ఏమన్నవ్ బాయి, ఆయన మూడుసార్లు కేకేసినంకనే పెట్టేటోడా?”

“మూడుసార్లు.”

“మేక గూడ లేదని చూసేటోడా?”

“అవును.”

“మంచి మనిషి,” అంది కేశాబాయి. “గసొంటోడు అంటుపెడితె భయముండదు.” చొక్కా చేతులు దించుకుంటూ, “ఆమె చేతుల మీద గూడ గిట్లనే ఉండెనా? ఆమె మనుమరాలును అడుగుండ్రి,” అంది.

పర్వీన్ ఈ మాటలన్నీ రికార్డు చేసింది. కేంద్రానికి తిరిగి వస్తూ మేడం తన తీర్పు చెప్పారు. “తప్పు ఎంతసేపు చెప్పినమో, ఒప్పు గూడ అంతసేపే చెప్పాలె. తప్పు చెప్పిన గొంతే చెప్పాలె.” ఎక్కడో చివర ఒక్క వాక్యంలో సవరణ చెబితే చాలనుకున్న నేను, అదే వారం, అదే సమయానికి, పూర్తి అరగంట మైకు ముందు కూర్చున్నాను. నా పేరు చెప్పాను. నేను కాటా గుమాస్తానని, ఒక మనిషి నైపుణ్యాన్ని నేరమనుకుని మార్చానని, ఎవరినీ అడగలేదని చెప్పాను. ఆజీ మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివాను. వాటి పక్కనే కేశాబాయి గొంతు వినిపించాం. చేతులు వణుకుతుంటే కాగితం చప్పుడు మైకులో పడుతోందని పర్వీన్ అద్దం అవతలి నుంచి సైగ చేసింది. మేడం లోపలికి వచ్చి, నా పక్కన నిలబడి, ఆ కాగితం అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. కార్యక్రమం అయ్యేవరకూ అలాగే పట్టుకుని ఉన్నారు.

రికార్డింగు రూత్‌కు పంపాం. క్షమాపణ కోరుతూ ఉత్తరం కూడా రాస్తానంటే మేడం వద్దన్నారు. “ఆమె వినని. మనం మళ్ళ మాట్లాడొద్దు.” పద్దెనిమిది రోజులు జవాబు లేదు. ‘చెరుకు చుట్టాలు’ సమయంలో పాత పాటలు వేశాం. ఆగిపోయిందా అని కోహీర్ బడి నుంచి ఉత్తరం వస్తే ఏం రాయాలో తెలియక దాన్ని సంచిలోనే ఉంచుకున్నాను. పంతొమ్మిదో రోజు నేను గేటు తీస్తుండగానే పర్వీన్ ఎదురొచ్చింది. “అంకుల్, జల్ది రాండ్రి,” అంది. మేడం ఫోను చెవి దగ్గర పెట్టుకుని నవ్వుతున్నారు. ఏడుస్తున్నారు కూడా.

రూత్ చాలా నెమ్మదిగా మాట్లాడింది. ‘ఆ అమ్మకు చెప్పండి. మా ఆజీ చేతుల మీద కూడా గీతలుండేవి. చిన్నప్పుడు నేను వాటి మీద వేలు పెట్టి నది గీతలు అనుకునేదాన్ని. ఆయన మంచి మనిషి అని ఆమె అన్నదట. మా ఇంటి బయటివాళ్ళ నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. ఆ అమ్మ గొంతు మా శనివారం పిల్లలకు వినిపించాను. వాళ్ళకు భాష అర్థం కాలేదు. అయినా మళ్ళీ వేయమన్నారు.’ ఆ సందేశం కిందే రెండో క్యాసెట్ ఉంది. ఆ వేసవి దాటేలోగా పదకొండూ వచ్చాయి.

ఆ పదకొండింటినీ ప్రసారం చేశాం. నా జీవితంలో నేను చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకోదగింది ఏదంటే అదే. ప్రతి కాగితాన్నీ కేశాబాయి గుంపులో ఎవరికో ఒకరికి ముందుగా వినిపించాం. కోత కాలం కాకపోతే ఫోనులో వినిపించాం. ఇప్పుడు మా చుట్టుపక్కల బడుల్లో పటం మీద గయానా ఎక్కడుందో అడిగితే వేలు పెట్టి చూపించే పిల్లలున్నారు. కోహీర్‌లో ఒక అమ్మాయి తన వ్యాసాన్ని ఇలా మొదలుపెట్టింది: ‘మా తాత చెరుకు పండిస్తాడు. మా చుట్టాలు చెరుకు నరకడానికి సముద్రం దాటి పోయారు.’ మేడం ఆ వ్యాసాన్ని చాలాకాలం తన పర్సులో పెట్టుకుని తిరిగారు. కనబడ్డ ప్రతివాడికీ తీసి చదివించేవారు, బ్యాంకులో క్యాషియర్‌తో సహా.

పోయిన వానకాలం శివలీల మేడం కన్నుమూశారు. ఇప్పుడు కేంద్రం నడుపుతున్నది పర్వీన్. నా డైరీలన్నీ వరుసగా అల్మారాలో ఉన్నాయి. యాభై ఏళ్ళకు పైబడిన ఆ రాతలో నాది కాని చేతిరాత ఒక్క చోటే ఉంది. ‘మేడంకు చెప్పవలసినంత విషయం కాదు’ అన్న వాక్యం ఇంకా అలాగే ఉంది, కొట్టివేత లేకుండా. మొగుడంపల్లి నుంచి తిరిగి వచ్చిన రోజు నేను వదిలిన జాగాలో ఆవిడ రాశారు: ‘విన్నవారు: కేశాబాయి.’ తేదీ వేసి, సంతకం చేశారు. నాకు బాగా తెలుసని అనిపించిన విషయం ఏది వచ్చినా ఇప్పుడు నేను ముందు ఆ పేజీ తీస్తాను. ఆ తర్వాత లేచి, ఆ పని చేసే మనిషిని వెతుక్కుంటూ వెళతాను. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా కొత్త సంగతులు తెలుస్తున్నాయంటే అదే కారణం.

ఈ నాలుగు పేజీలను కూడా అలాగే వినిపించాను. ఆజీ, మసి రాలుతుంటే పరుగెత్తి బట్టలు తీసేదని నేను మొదట రాశాను. నర్సు చదివి చెప్పగా రూత్ విని, అది సరికాదని కబురు పంపింది. భర్త వేసే మొదటి కేక వినగానే, మసి రాకముందే తీసేదట. మార్చాను. కేశాబాయి ఫోనులో మొత్తం విన్నది. “నా చేతుల గురించి గింత రాసినవ్ సాబ్, నా పాట సంగతేంది?” అని తగువు పెట్టుకుంది. నిజమే. కేశాబాయి చాలా బాగా పాడుతుంది. ఆమె కోతపాట రెండుసార్లు ప్రసారం చేశాం. పర్వీన్ విని, మొదటి పేజీ పైన గీత గీసి కలం నా చేతికిచ్చింది. మూడు పేర్లు రాశాను. వినవలసిన నాలుగో మనిషి పేరు కూడా చేరుద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. రాయలేదు. వినని మనిషి పేరు ఆ గీత మీద రాస్తే ఆవిడే ఒప్పుకునేవారు కాదు.

విన్నవారు: రూత్, కేశాబాయి, పర్వీన్.